సున్నా దగ్గర కరెంటు

ఆ ల్యాబులో ఆవిణ్ణి అందరూ డయోడ్లక్కయ్య అంటారు. ఎదురుగా అంటే నవ్వేస్తుంది, వెనకాల అన్నారని తెలిస్తే మాత్రం మండిపడుతుంది. డయోడంటే మరేం లేదు, కరెంటుని ఒక వైపుకే పోనిచ్చే చిన్న ముక్క. బియ్యపు గింజకి కాస్త పెద్దన్నలా ఉంటుంది. టీవీ మొదలుకుని చెవిటి మిషను దాకా ఎక్కడ విప్పి చూసినా కనిపిస్తుంది. ఈ రోజుల్లో సర్క్యూట్లు తయారుచేసేవాళ్ళు ముందే ముక్కలు కొనుక్కొచ్చి అతికించి చూడరు. కంప్యూటరులో ఉత్తుత్తి సర్క్యూటు ఒకటి కట్టి, అది నడుస్తుందని నమ్మకం కుదిరాకే చెయ్యి జేబులో పెడతారు. మరి ఫలానా డయోడు ఎలా నడుచుకుంటుందో ఆ కంప్యూటరుకి ఎవరు చెప్పాలి? అదిగో, అదే డయోడ్లక్కయ్య ఉద్యోగం. డయోడుని కొలిచి, దాని గుణమంతా కొన్ని అంకెల్లోకి దించి రాసిస్తుంది. ఆ అంకెల కట్టనే మోడల్ అంటారు.

ఆవిడ పద్ధతి ఆవిడదే. వోల్టేజిని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతూ కరెంటు ఎంత పారుతోందో గీత గీయిస్తుంది. కరెంటు పదింతలైనప్పుడల్లా ఒక్క గడే పైకెక్కే లాగ్ గ్రాఫు మీద ఆ గీత మధ్యలో తిన్నగా లేస్తుంది, పై కొసకి వచ్చేసరికి ఆయాసపడ్డట్టు వంగుతుంది. తిన్నటి ముక్క మీద స్కేలు పెట్టి రెండు అంకెలు లాగుతుంది. వంగిన చోట చూసి డయోడు లోపలి నిరోధం ఎంతో తేలుస్తుంది. వెనక్కి ఎంత కరెంటు కారుతోందో, అదే లీకేజి, ఆఖర్న చూస్తుంది. ఈ వరస తప్పడానికి వీల్లేదు. పెన్సిలు చెక్కుకుంటూ ఆవిడ ఆ గీత ముందు కూర్చుందంటే మేనేజరైనా సరే గుమ్మం దగ్గరే ఆగి దగ్గాల్సిందే.

ఇక తోడికోడలి సంగతి. ఆ పిల్లని ఈ ల్యాబుకి తెచ్చింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఆవిడే! మరిది పెళ్ళయిన కొత్తలో, "పాపం, అంత చదువుకుని ఇంట్లో కూర్చుని ఏం చేస్తుందండీ" అని మేనేజరు చెవిన వేసి, ఇంటర్వ్యూకి తనే దగ్గరుండి తీసుకెళ్ళింది. పక్క కుర్చీలో కూర్చుని, చెప్పిన పని చేస్తూ, అక్కా అక్కా అంటూ వెనకాలే తిరుగుతుందనుకుంది. తిరిగింది కూడా. అలా అక్కా అక్కా అంటూనే ఒక ప్రోగ్రాము రాసి పడేసింది. కొలిచిన ఫైలుని దాని నోట్లో వేస్తే చాలు, స్కేలూ అక్కర్లేదు, పెన్సిలూ అక్కర్లేదు, అంకెలన్నీ బయటికి వచ్చేస్తాయి. డయోడ్లక్కయ్యకి మధ్యాహ్నం దాకా పట్టే పని, కాఫీ చల్లారేలోగా అయిపోతుంది.

"అబ్బో!" అంది డయోడ్లక్కయ్య అది మొదటిసారి చూసినప్పుడు. ఆ అబ్బోలో సగమే మెచ్చుకోలు.

మిగతా సగం రోజురోజుకీ ముదిరింది. ల్యాబు జనం చిన్నదాన్ని నెత్తిన పెట్టుకున్నారు. పక్క డిపార్టుమెంటు వాళ్ళు డయోడ్లక్కయ్య బల్ల దాటుకుని మరీ వెళ్ళి, "మేడమ్, మాది కూడా కాస్త వేసి పెట్టరూ" అని ఆ పిల్ల ముందు నిలబడేవాళ్ళు. ఆవిడ కడుపు భగ్గుమనేది. అది ఓర్వలేనితనమని ఆవిడకి తెలియక కాదు. తెలిసినంత మాత్రాన మంట చల్లారుతుందా?

ఇంటికొస్తే ఇంకో తంటా. రెండు కాపురాలూ ఒకే ఇంట్లో; కింద వీళ్ళు, పైన వాళ్ళు. అత్తగారికి భోజనం కింద, పొగడ్తలన్నీ పైవాళ్ళకి.

"ఏమే పెద్దదానా, మన చిన్నది మీట నొక్కితే చాలటగా, మిషనే లెక్కలన్నీ చేసేస్తుందట. నువ్వు ఇంకా స్కేలు పెట్టి గీతలు గీసుకుంటున్నావటగా?" అంది ఒక పూట కంచం ముందు కూర్చుని.

"మీకెవరు చెప్పారత్తయ్యా?"

"ఇంకెవరు చెప్తారు, నీ మొగుడే."

మొగుడు తల కంచంలోకి దించేశాడు. "నేనేమన్నానే! మరదలు తెలివైందన్నాను, అంతేగా."

"అంతే. అంతకన్నా ఏమనాలి? ఆ తెలివైందాన్నే వచ్చి వడ్డించమనండి," అని గరిటె గిన్నెలో విసిరేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట ఆవిడ తిననూ లేదు, ఎవరైనా వచ్చి తినమని బతిమాలతారని చూసినా ఎవరూ రానూ లేదు. చివరికి చిన్నదే పైనుంచి దిగొచ్చి, "తినక్కా, నీరసం వస్తుంది" అంది. దాంతో ఆకలి కాస్తా చచ్చింది.

ఇలా ఉండగా ల్యాబులో మోడళ్ళ లైబ్రరీ హెడ్డు రిటైరయ్యాడు. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, తయారైన మోడళ్ళన్నీ దాచే చోటు. ఆ హెడ్డు సంతకం లేందే ఒక్క మోడలు కూడా గడప దాటదు. ఆ కుర్చీ తనదేనని డయోడ్లక్కయ్య ఎన్నో ఏళ్ళుగా అనుకుంటోంది. కిటికీ పక్కన ఏ మొక్క పెట్టుకోవాలో కూడా ఆలోచించి పెట్టుకుంది. కానీ మేనేజరు ఇద్దర్నీ పిలిచి మెలిక పెట్టాడు.

"చెవిటి మిషన్లు చేసే కంపెనీ వాళ్ళు ఈ గాజు డయోడుకి మోడల్ అడిగారు. మీరిద్దరూ విడివిడిగా చెయ్యండి. వాళ్ళ అసలు సర్క్యూటు కొలిచిన గ్రాఫు నా దగ్గరుంది. మీ మోడళ్ళు రెండూ కంప్యూటరులో నడిపి దాని మీద పెట్టి చూద్దాం. కుర్చీ సంగతి ఆ తర్వాత."

డయోడ్లక్కయ్య లెక్కలు వేసుకుంది. చిన్నది హెడ్డయితే, తను తెచ్చిన పిల్ల ముందే తను ఫైలు పట్టుకుని సంతకం కోసం నిలబడాలి. "ఇక్కడ సరిచెయ్యక్కా" అని ఆ పిల్ల వేలు పెట్టి చూపిస్తుంది. తను చెయ్యాలి.

అయితే కొలతలు ఇప్పటికీ డయోడ్లక్కయ్య చేతిలోవే, కొలతల గది తాళమూ ఆవిడ బ్యాగులోనే. ఎవరు మోడల్ చేసినా కొలిచేది ఆవిడే, కొలిచిన ఫైలుని అందరూ వాడుకునే ఫోల్డరులో పెట్టేదీ ఆవిడే. ఆవిడ కొలిచిందంటే మళ్ళీ చూసుకోనక్కర్లేదని ల్యాబంతా నమ్మకం. గాజు డయోడుతో ఒక చిక్కుంది. గాజులోంచి వెలుతురు లోపలికి దూరితే దొంగ కరెంటు పుడుతుంది. అందుకే దాన్ని నల్ల పెట్టెలో పెట్టి, మూత బిగించి కొలవాలి. ఇది ఆవిడే అందరికీ నేర్పిన పాఠం.

గాజు డయోడుని కొలిచే రోజు పొద్దున గుమ్మం దాటుతుంటే మొగుడు, "ఎందుకే అంత ఇదైపోతావ్, ఆ కుర్చీ ఎవరికొచ్చినా మనింటికేగా వచ్చేది" అన్నాడు. ఏడ్చినట్టుంది ఓదార్పు! ఆ మాటే దారంతా నములుకుంటూ వచ్చి, అదే చిరాకుతో మూత వేసింది. వైరు ఒకటి అడ్డం పడి మూత పూర్తిగా పడలేదు. కొలవడం అయ్యాక తెర మీద చూస్తే, సున్నా వోల్టుల దగ్గర కొంచెం కరెంటు కనబడింది. ఎవరూ తొయ్యకుండా బండి కదలడం ఎంత నిజమో, వోల్టేజి లేకుండా డయోడులో కరెంటు పారడం అంత నిజం. లీకేజి కూడా ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉంది. ఆవిడకి క్షణంలో అర్థమైపోయింది. వైరు సర్ది, మూత బిగించి మళ్ళీ కొలిచింది. ఈసారి గీత ముత్యంలా వచ్చింది.

పాత ఫైలు తీసెయ్యబోయి, ఆగింది.

తన పద్ధతిలో అయితే గీత తిన్నగా ఉన్న ముక్కే ముందు చూస్తుంది. కింది కొస పాడైతే అక్కడే కనిపెట్టి పక్కన పెడుతుంది. ప్రోగ్రాముకి ఆ కన్ను లేదు, పెట్టిందల్లా మింగుతుంది. కింది కొస చెడితే దానికి సరిపడేలా గీతంతా వంచుకుని, అన్ని అంకెలూ పాడుచేసుకుంటుంది. డయోడ్లక్కయ్య చెడ్డ ఫైలుని అందరి ఫోల్డరులో పెట్టింది. మంచిది తన కంప్యూటరులో దాచుకుంది. 'తెలివైంది కదా, తేల్చుకోనీ' అనుకుంది. అనుకున్నాక చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చింది, ఎందుకో తనకే తెలియదు.

ఆ తర్వాత చిన్నదాని మీద ఎక్కడ లేని ప్రేమా పుట్టుకొచ్చింది. కాఫీ తెచ్చిచ్చింది, తలనొప్పంటే మాత్ర ఇచ్చింది. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల తెర మీంచి తలెత్తి, "అక్కా, ఆ ఫైలు ఒకసారి చూసే పెట్టావు కదూ?" అంది.

"చూడకుండా పెడతానా?" అంది డయోడ్లక్కయ్య చటుక్కున.

ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు. సరే అని తలూపి పనిలో పడింది. డయోడ్లక్కయ్య మాత్రం ఆ సాయంత్రం బస్సులో రెండు స్టాపులు దాటిపోయి వెనక్కి నడిచొచ్చింది.

తేల్చే రోజు రానే వచ్చింది. మీటింగు గదిలో మేనేజరు గోడ మీదికి గ్రాఫు వేశాడు. చెవిటి మిషనులో ఒక చిన్న కెపాసిటరు వోల్టేజిని పట్టి ఉంచాలి. డయోడు ఎంత కారిస్తే అది అంత తొందరగా పడిపోతుంది. అంటే గుట్టంతా లీకేజిలోనే ఉంది. ముందు డయోడ్లక్కయ్య మోడల్ గీత వేశారు. అసలు గీత మీద చక్కగా కూర్చుంది. నలుగురూ "బ్రహ్మాండం" అన్నారు. ఆవిడకి అదేం వినబడలేదు. రెండో గీత కోసం ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూస్తోంది. అది ధబేలున కింద పడాలి. ఆ పిల్ల మొహం పాలిపోవాలి. అప్పుడు తను లేచి, "పర్లేదమ్మాయ్, నేర్చుకుంటావులే" అనాలి.

రెండో గీత వచ్చింది. వెంట్రుకవాసి తేడా లేకుండా మొదటి గీత మీదే పడింది.

డయోడ్లక్కయ్య గోడ మీది గీతలకేసి మళ్ళీ చూసింది. ఎలా? ఆ ఫైలు మింగి ఆ ప్రోగ్రాము ఈ గీత కక్కడం అసంభవం. అడుగుదామంటే, 'చెడ్డ ఫైలుతో ఇదెలా వచ్చిందే' అని ఎలా అడుగుతుంది? తేలు కుట్టిన దొంగలా గుటకలు మింగుతూ కూర్చుంది.

"ఇద్దరిదీ సరిపోయింది. నాకు తేల్చడం కష్టమయ్యేదే," అన్నాడు మేనేజరు నవ్వుతూ. "కానీ మీ తోడికోడలు నిన్ననే వచ్చి, అక్క ఉండగా ఆ కుర్చీ నాకొద్దు సార్ అనేసింది. కాబట్టి డయోడ్లక్కయ్యా, లైబ్రరీ మీదే."

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది చిన్నదే. ఎన్నో ఏళ్ళుగా కలలో కూడా వదలని కుర్చీ ఇలా ఎవరో వద్దని పక్కకి తోస్తే తనకి రావడమేమిటని డయోడ్లక్కయ్యకి ఏడుపొచ్చింది. అది ఆనందమనుకుని ఎవరో చేతిరుమాలు అందించారు.

జనం చెదిరాక చిన్నది ఆవిణ్ణి నడవాలో ఒక పక్కకి లాగింది.

"అక్కా, ఒక మాట చెప్తాను, కోప్పడకేం. ఆ రోజు పెట్టె మూత సరిగ్గా పడలేదనుకుంటా. సున్నా దగ్గర కరెంటుంది. నిన్నడిగితే చూశానన్నావు. సర్లే, పని ఒత్తిడిలో గమనించలేదేమో అనుకుని, నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు గది తెరిచే ఉంటే నేనే మళ్ళీ కొలిచి, పాతది తీసేసి, నీ పేరుతోనే కొత్తది పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు, ఒట్టు. ఇంట్లో కూడా చెప్పను."

డయోడ్లక్కయ్య చేతిరుమాలుని మళ్ళీ మళ్ళీ మడతపెట్టింది.

"ఈ మధ్య నువ్వు బాగా అలిసిపోతున్నావక్కా. బస్సు దిగడం కూడా మర్చిపోతున్నావని బావగారు అన్నారు. వయసులో అందరికీ ఉండేదే. ఇకనుంచి కొలతలు నేను చూసుకుంటాలే, నువ్వు హాయిగా కూర్చుని సంతకాలు పెట్టు."

వయసా! మతిమరుపా! ఇన్నేళ్ళలో ఒక్క మూత తెరిచి వదలని మనిషిని పట్టుకుని, అదీ ఈ పిల్ల, అదీ జాలితో! కాళ్ళ మీద పడి క్షమించమనాల్సిన చోట డయోడ్లక్కయ్యకి ఒళ్ళు మండిపోయింది. దుర్మార్గురాలనిపించుకోవడానికైనా సిద్ధమే కానీ, ఈ పిల్ల నోట చేతకానిదనిపించుకోవడం ఆవిడ వల్ల కాదు.

"నేనేం మర్చిపోలేదే," అంది పళ్ళు బిగబట్టి. "మూత పడలేదని నాకు తెలుసు. తెలిసే మంచి ఫైలు దాచుకుని చెడ్డది నీకు పెట్టాను. నలుగుర్లో నువ్వు నవ్వులపాలు కావాలని కావాలనే పెట్టాను."

ఆ పిల్ల కాసేపు ఆవిడ మొహంలోకి చూసింది. తర్వాత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"ఛ, ఊరుకో అక్కా. మర్చిపోయానని ఒప్పుకోవడానికి ఇంత నామోషీయా? దానికోసం చెయ్యని పాపం మీదేసుకుంటావా? నన్నిక్కడికి చెయ్యి పట్టుకు తెచ్చిందానివి, నువ్వు అలాంటి పని చేస్తావా?"

"చేశానే!"

"సరేలే, చేశావు," అంది చిన్నది, మారాం చేసే పసిపిల్లని సముదాయిస్తున్నట్టు వీపు నిమురుతూ. "కొలతల గది తాళం ఇటివ్వు."

డయోడ్లక్కయ్య బ్యాగులోంచి తాళం తీసి ఇచ్చింది.