ఎండల్లో కదిపిన కంకర

వైజాగులో ప్రోస్టేటు ఆపరేషను చేసిన డాక్టరు ముందే చెప్పాడు, కొన్నాళ్ళు మూత్రం మన చెప్పుచేతల్లో ఉండదని. ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పధ్నాలుగు నెలలు గడిచినా దగ్గితే ఒక చుక్క, వంగితే రెండు, సుత్తి ఎత్తి కొడితే లెక్కే లేదు. నా ఉద్యోగమేమో వంగడమూ కొట్టడమూను. ఇనుపరాయి గనులున్న బచేలి దగ్గర రైలు లైను మీద కీమ్యాన్‌ని. రోజూ ఒక పట్టా వెంబడి ఆరు కిలోమీటర్లు నడిచి, రెండో పట్టా వెంబడి వెనక్కి రావాలి. పట్టాని కింద అడ్డంగా ఉండే స్లీపరు దిమ్మకి పట్టి ఉంచే క్లిప్పు ఎక్కడ వదులైతే అక్కడ వంగి బిగగొట్టాలి.

కాబట్టి పెద్దవాళ్ళ డైపరు వేసుకునేవాణ్ణి. మా ఆవిడ దానికి ఖరీదైన గోచీ అని పేరు పెట్టింది. టౌన్‌షిప్పులో మందుల షాపుకి ఎవరెళ్ళినా తెలిసిన ముఖాలే. అందుకని మొదటి రోజే మా అమ్మకని చెప్పాను. మా అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. షాపతను మంచివాడు, వెళ్ళినప్పుడల్లా "మాతాజీ కైసీ హై?" అని అడిగేవాడు. బాగానే ఉందని చెప్పి, ప్యాకెట్టు నల్ల కవరులో చుట్టించుకుని, పోయిన తల్లిని మళ్ళీ మంచాన పడేశానని నన్ను నేను తిట్టుకుంటూ ఇంటికొచ్చేవాణ్ణి.

చలికాలం ఎలాగో గడిచింది. ఎండలు ముదిరాక నరకం మొదలైంది. ఆ గోచీ మూత్రం కంటే ముందు చెమటని తాగేస్తుంది. తొమ్మిదింటికే బరువెక్కి జారుతుంది. పక్కన అంటించిన పట్టీలు ఊడిపోతాయి. తొడలు ఒరుసుకుపోయి పచ్చిపుండ్లయ్యాయి. పౌడరు జల్లితే ముద్దకడుతుంది, కొబ్బరినూనె రాస్తే పట్టీ అసలే అంటదు. కాళ్ళు ఎడంగా వేసుకుని స్లీపర్ల మీద నడుస్తుంటే, బాతు వచ్చిందని లైను బాగుచేసే గ్యాంగువాళ్ళు ఎగతాళి చేసేవారు. నేనూ నవ్వేవాణ్ణి. దొంగకి తేలు కుట్టినట్టుండేది నా బతుకు.

అన్నిటికంటే పాపిష్టిది ఎర్రదుమ్ము. రోజంతా ఇనుపరాయి బండ్లు తిరిగే లైను ఇది. కంకరా చెట్లూ మనుషులూ అన్నీ ఎర్రగానే ఉంటాయి. ప్యాంటు మీద తడి ఎక్కడుంటే అక్కడ దుమ్ము పట్టేసి ఎర్రమట్టి మరక కడుతుంది. ఇంకో ఊళ్ళో అయితే ఎండకి ఆరిపోయి ఎవరికీ తెలిసేది కాదు. ఇక్కడ ఆరాకే ఇంకా బాగా కనిపిస్తుంది.

నాకు తోచిన తెలివి ఒక్కటే, నీళ్ళు మానేయడం. పొద్దున్న టీ తప్ప మధ్యాహ్నం దాకా గుక్కెడు మంచినీళ్ళు ముట్టేవాణ్ణి కాదు. మా ఆవిడ నింపిచ్చిన బాటిలు డ్యూటీ నుంచి వచ్చాక ఇంటి ముందు కుళాయి దగ్గర పారబోసి లోపలికెళ్ళేవాణ్ణి. అయినా కారడం ఆగలేదు. వచ్చే నాలుగు చుక్కలూ నిప్పులా మండేవి, వాసన మాత్రం రెట్టింపయింది. నోరు ఎండిపోయి, కళ్ళు తిరుగుతున్నా ఆ పిచ్చిపని మానలేదు.

పై అధికారులకి తెలిస్తే పరీక్షలకని మెడికల్‌కి పంపుతారు. నడవడానికి పనికిరాడని అక్కడ రాస్తే స్టోరులో కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఫ్యాను కింద ఉద్యోగం, ఇంకేం కావాలంటారు ఎవరైనా. నాకది చావుతో సమానం. ఈ లైను వేసేటప్పుడు శ్రీకాకుళం నుంచి వచ్చి రాళ్ళు కొట్టిన కూలీ మా నాన్న. తర్వాత ఇదే బీటు నడిచాడు. ఆయన తర్వాత నేను ఇరవై ఏడేళ్ళుగా నడుస్తున్నాను. ఇంకో రెండేళ్ళలో రిటైరుమెంటు. అందాకా నడిచి, నా అంతట నేను దిగిపోవాలి. ఉన్న కోరిక అదొక్కటే.

నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం, ఎండల్లో కంకర కదపకూడదని. ఎండకి పట్టా సాగుతుంది. సాగినది పక్కకి తన్నుకుపోకుండా ఒత్తిపట్టి ఉంచేది స్లీపరు చివర ఉండే ఆ రాళ్ళే. పట్టా వంకరపోతే బండి పడిపోతుంది. వంపులో అయితే మరీ జాగ్రత్త.

మే నెలలో ఒకరోజు పదకొండు దాటాక వంపు దగ్గరికొచ్చేసరికి గోచీ నిండి తొడ వెంబడి కారిపోయింది. కల్వర్టు కిందికి దిగి మార్చుకున్నాను. విప్పింది కవరులో చుట్టి, పనిముట్ల సంచిలో పెట్టి ఇంటికి తేవడం నా అలవాటు. ఆ రోజు కవరు మర్చిపోయాను. ఇంతలో గ్యాంగువాళ్ళ మాటలు వినిపించాయి. వాళ్ళు అన్నం తినేది ఆ కల్వర్టు నీడలోనే. క్లిప్పుల కోసం ఆ గ్యాంగుకి పెద్ద అయిన మేటు నా సంచిలో చెయ్యి పెట్టడం రోజూ ఉన్నదే. పొదల్లో విసిరేద్దామంటే రెండు వైపులా తునికాకు కోసే ఆడవాళ్ళున్నారు. దాన్ని పట్టుకుని పైకెక్కాను. ఏం చేస్తున్నానో తెలిసే చేశాను. స్లీపరు చివర రాళ్ళు చేతులతో తవ్వి, అందులో కుక్కి, మళ్ళీ పేర్చేశాను. కంచే చేను మేసింది.

మేటు నాకంటే చిన్న, బొబ్బిలి వైపు మనిషి. పని నేర్పింది నేనే. వరస కలిపి బావా అంటాడు. ప్యాంటు మీద ఎర్రమరక చూసి ఎవరో అడిగితే, బాటిలు ఒలికిందన్నాను. అందరూ నవ్వారు. మేటు మాత్రం నా సంచికి వేలాడుతున్న నిండు బాటిలు కేసి చూశాడు.

వాళ్ళు తినడానికి దిగారు. వాళ్ళ కళ్ళ ముందు తవ్వి తీయలేను కనుక ముందుకి నడిచాను. కిలోమీటరు వెళ్ళానో లేదో ఎదురుగా లోడు బండి వస్తోంది, ఆ వంపు వైపే. పట్టా మీద చెయ్యి పెడితే కాలింది. రెండు దోసిళ్ళ రాళ్ళు, ఏమీ కాదని ఒక మనసు. వంపులో, మిట్టమధ్యాహ్నం, ఇంకొకడు చేస్తే నువ్వు చెంప పగలగొట్టేవాడివి కదా అని ఇంకో మనసు. ఎర్రజెండా ఊపితే బండి ఆగుతుంది. ఆగితే ఎందుకని అడుగుతారు. నా గోచీ సంగతంతా కాగితాల మీదికెక్కుతుంది. ఇంజను దగ్గరికొచ్చేసింది. నేను పచ్చజెండా చూపించాను. డ్రైవరు నన్ను నమ్మి చెయ్యి ఊపాడు.

పెట్టెలు దాటుతుంటే చెవులు రిక్కించి నిలబడ్డాను. చివరి పెట్టె దాటగానే వెనక్కి పరిగెత్తాను. నీళ్ళు లేక కళ్ళు మసకబారాయి. బండి వంపు దాటి వెళ్ళిపోయింది. మేటు ఒక్కడే అక్కడ నిలబడి ఉన్నాడు. అతని కాళ్ళ దగ్గర కాగితంలో చుట్టిన పొట్లం ఉంది. లైనంతా ఎర్రగా ఉంటే, నేను తిరగేసిన రాళ్ళు మాత్రం దుమ్ములేని బూడిదరంగు ముఖాలు పైకి పెట్టి కనిపించాయట. పూడ్చే తొందరలో నేనది చూసుకోలేదు.

"పాసింజరోడు ఇసిరేస్తాడు గానీ కప్పెట్టడు బావా," అన్నాడు. "కప్పెట్టినా ఇంత సాపుగా పేరుస్తాడేటి? ఈ లైను మొత్తానికి రాళ్ళు ఇలాగ సర్దే సెయ్యి ఒకటే."

బండి రాకముందే తీసేసి, రాళ్ళు గట్టిగా దట్టించానని అతనే చెప్పాడు. తర్వాత అడిగాడు.

"నువ్వు ఏ జెండా సూపించేవు?"

పచ్చది అన్నాను. ఇరవై ఏడేళ్ళలో ఆ మాట చెప్పడానికి సిగ్గుపడింది అప్పుడే. అతను బండి పోయిన వైపు చూశాడు. తిట్టినా బాగుండేది. నా సంచికున్న బాటిలు తీసి, మూత తిప్పి ఇచ్చాడు.

"తాగు ముందు. ఎవలికీ నేను సెప్పను. నువ్వే సెప్పుకో."

బాటిలు మొత్తం గటగటా తాగేశాను. తాగుతుండగానే కింద వెచ్చగా తడిసింది. కాళ్ళు దగ్గరగా పెట్టుకోలేదు, పక్కకి తిరగలేదు. అతను చూశాడు. సుత్తీ జెండాలూ అతని చేతికిచ్చి, మిగిలిన బీటు నువ్వు నడువు, నేను మెడికల్‌కి పోతానని చెప్పాను.