మా జోన్ బలం

ప్రతి ఏడాదీ అదే ప్రశ్న. "మీ జోన్ అంత గట్టిది కదా, మరి నేషనల్స్‌కి వెళ్ళేసరికి ఏమవుతుంది?" ఆఫీసులో భోజనాల దగ్గర అడిగేవారు, పుంగ్గోల్ పేటలో మేముండే బ్లాకు లిఫ్టులో అడిగేవారు. బాస్కెట్‌బాల్ అంటే బుట్టలో బంతి వేయడమని మాత్రమే తెలిసినవాళ్ళు కూడా అడిగేవారు. మొదట్లో ఓపిగ్గా జవాబు చెప్పేదాన్ని. డ్రాలో గట్టి జట్టు తగిలిందనీ, పరీక్షలు దగ్గరపడ్డాయనీ, ఒక పిల్లకు మడమ బెణికిందనీ. తర్వాత్తర్వాత నవ్వి ఊరుకోవడం మొదలుపెట్టాను. నవ్వడానికి అంత ఓపిక అక్కర్లేదు.

మా అమ్మాయి సెకండరీ స్కూలు జట్టులో ఆడేది. అప్పట్లో స్కూళ్ళు ముందు తమ జోన్‌లో తలపడేవి. అక్కడ నెగ్గుకొచ్చినవి నేషనల్స్‌కి వెళ్ళి మిగతా జోన్ల జట్లతో ఆడేవి. మా జోన్ పేరు చెబితే అవతలివాళ్ళు కాస్త తగ్గి మాట్లాడేవారు. ఇక్కడి మ్యాచ్ అంటే మోచేతులకు గాట్లు, మోకాళ్ళకు కమిలిన మచ్చలు తప్పవు. అంత పేరున్న జోన్ నుంచి వెళ్ళిన జట్లు నేషనల్స్‌లో మొదటి మ్యాచ్ కాగానే ఇంటిదారి పట్టేవి. అంతకు ముందు ఏడాది మా అమ్మాయి జట్టూ అలాగే తిరిగొచ్చింది. ఈసారి తనే కెప్టెన్, స్కూల్లో అదే చివరి ఏడాది. కప్పు గెలవాలని తనేమీ కలలు కనలేదు. నేషనల్స్‌లో ఒక్క మ్యాచ్ గెలిస్తే చాలంది. ఆ ఒక్కటీ తనకు దక్కాలని నేను కూడా గట్టిగా కోరుకున్నాను.

నేను వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తాను. మ్యాచ్ ఉన్న రోజు మధ్యాహ్నమే లాప్‌టాప్ మూసి, మేనేజరు కంట పడకుండా బయటపడి, రైలు మారి సెంబవాంగ్ దగ్గర జోన్ మ్యాచ్‌లు జరిగే హాలుకు చేరేసరికి నా కాళ్ళు పీకేసేవి. వెళ్ళి బెంచీ మీద కూలబడితే, పక్కన అప్పటికే అంకుల్ కూర్చుని ఉండేవారు.

అంకుల్ తాతగారు ఎప్పుడో విశాఖ వైపు నుంచి ఇక్కడి నేవల్ బేస్‌లో పనికి వచ్చారట. అంకుల్ పుట్టిందీ, పెరిగిందీ, రిటైరైందీ అంతా సెంబవాంగ్‌లోనే. ఆయన మనవరాలు మాకు ప్రతి ఏడాదీ అడ్డుపడే పక్క స్కూలు జట్టులో ఆడేది. వయసులో ఉన్నప్పుడు ఆయన క్లబ్బు మ్యాచ్‌లకు రెఫరీగా చేశారు. మా రెండు స్కూళ్ళూ నేషనల్స్‌కి ముందు ఒకదానితో ఒకటి ప్రాక్టీస్ మ్యాచ్‌లు ఆడుకోవడం ఆనవాయితీ. వాటికి విజిల్ అంకుల్‌దే.

విజిల్ ఆయనదే గానీ, ఊదడం మాత్రం అరుదు. పిల్లలు తుంటితో నెట్టుకున్నా, వీపు మీద మోచెయ్యి ఆనించి తోసుకున్నా, ఆయన చూసీ చూడనట్టు పరుగెత్తేవారు. జోన్ మ్యాచ్‌లు నడిపే రెఫరీలు కూడా ఇంచుమించు ఆయన లాంటివాళ్ళే. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"అంకుల్, మా అమ్మాయి ఆ పిల్లని అలా నెట్టేసింది కదా. అది ఫౌల్ కాదా?"

"ఏటమ్మా, ఆటన్నాక తగలదేటి? ఇదేటి పూజా, ముట్టుకోకుండా చెయ్యడానికి? తిడాపా లా. దెబ్బలు తిన్న పిల్లలే గట్టిపడతారు."

తిడాపా అంటే మలయ్‌లో ఫరవాలేదని, చివర్లో లా ఇక్కడందరికీ ఊతపదం. అంకుల్‌కి ఏ విషయమైనా ఫరవాలేదు. నాకు అన్నీ గుబులే, పనే అలాంటిది. మా సొంత డేటాతో ఎన్నిసార్లు నడిపినా చక్కగా నడిచిన ప్రోగ్రాం, కస్టమర్ చేతిలో పడగానే చతికిలబడటం నేను రోజూ చూస్తాను. ఆ మాటే ఇంట్లో అంటే, "అమ్మా ప్లీజ్, నాట్ యువర్ టెస్టింగ్ ఎగైన్," అని మా అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

నేషనల్స్ దగ్గరపడుతుండగా, వేరే జోన్‌లోని ఒక స్కూలు మా కోచ్‌కి ఫోన్ చేసింది. తమ దగ్గరికి వచ్చి ఒక ఫ్రెండ్లీ మ్యాచ్ ఆడతారా అని. హాలూ వాళ్ళదే, రెఫరీ కూడా వాళ్ళ వైపు మనిషే. మా కోచ్ మితభాషిణి అయిన చైనీస్ ఆవిడ. నిర్ణయం పిల్లలకే వదిలేసింది. పిల్లలు నిమిషం కూడా ఆలోచించలేదు. మన ఆట బయటవాళ్ళకు ముందే ఎందుకు చూపించాలన్నారు. మా జోన్‌కి మొదటి నుంచీ అదే అలవాటు. తమలో తాము కొట్టుకు చస్తారు, బయటివాళ్ళు వస్తే మాత్రం తలుపులు మూసుకుంటారు. ఆడం అన్న మాట కోచ్‌కి చెప్పింది కెప్టెనైన మా అమ్మాయే.

ఆ రాత్రి అన్నం దగ్గర అడిగాను. "వెళ్ళి ఆడితే ఏం పోతుందే?"

"దే విల్ స్టడీ అస్, లా."

"చూసుకుంటే చూసుకోనీ. వాళ్ళు దేన్ని ఫౌల్ అంటారో నీకూ తెలుస్తుంది కదా."

"అమ్మా, వి ఆర్ ద టఫెస్ట్ జోన్. దే షుడ్ బి స్కేర్డ్. వై అస్?"

ఇంకా వాదించవచ్చు. కానీ సింకు నిండా గిన్నెలున్నాయి, పొద్దున్నే రిలీజ్ మీటింగ్ ఉంది. తనకు తెలుగులో చెప్పి, జవాబు ఇంగ్లీషులో విని, మళ్ళీ తెలుగులో చెప్పే శక్తి ఆ పూట నాకు లేదు. లేచి కంచాలు తీశాను.

నేషనల్స్ మ్యాచ్ రోజున అంకుల్ కూడా మా వెంట వచ్చారు. మనవరాలి మ్యాచ్ మర్నాడు. ఆట మొదలైన కాసేపటికే మా అమ్మాయి తనకు అలవాటైనట్టు ఎదుటి పిల్లను తుంటితో పక్కకు నెట్టింది. విజిల్ మోగింది. తప్పు ఎవరిదా అని మా అమ్మాయి చుట్టూ చూసింది. ఇంకాసేపటికి వీపు మీద మోచెయ్యి, మళ్ళీ విజిల్. రెఫరీ ఒక చిన్న వయసు అమ్మాయి. ఆమె మొహంలో కోపమూ లేదు, నవ్వూ లేదు. అంకుల్ మాత్రం మాటిమాటికీ లేచి నిలబడుతున్నారు. "అదేటి, అది ఫౌలేటి? దానికి కూడా ఊదుతారేటి?" అని నన్నడుగుతున్నారు, ఊదింది నేనైనట్టు.

సగం ఆట అయ్యేసరికి మా అమ్మాయికి మూడు ఫౌల్స్. తిరిగి మొదలైన వెంటనే నాలుగోది. ఇంకొక్కటి అయితే ఆటలోంచి బయటికే. కోచ్ తనను పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టింది. మా అమ్మాయి తువ్వాలు తలమీద కప్పుకుని, ఆట వైపు చూడకుండా కూర్చుంది. మిగతా పిల్లలు ఎలాగో లాక్కొచ్చి, చివర్లో ఒక్క పాయింటు ముందుకు వెళ్ళారు. అప్పుడు కోచ్ తనను మళ్ళీ దింపింది. చేతులు పైకెత్తి చూపిస్తూ, ముట్టుకోకు అని సైగ చేసింది.

ఆఖరి క్షణాల్లో ఎదుటి జట్టులోని వేగమైన పిల్ల బంతి తీసుకుని సూటిగా మా అమ్మాయి మీదికే వచ్చింది. అది మా హాలే అయితే తను ఏం చేసేదో నాకు తెలుసు, ఆ పిల్లకు దారే ఉండేది కాదు. ఆ రోజు మాత్రం మా అమ్మాయి రెండు చేతులూ పైకెత్తి, కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు నిలబడిపోయింది. ఆ పిల్ల పక్కనుంచి వెళ్ళి బంతి వేసేసింది. ఆట ముగిసింది. మేం ఓడిపోయాం.

"ఆట మనోళ్ళదే మంచిదమ్మా," అన్నారు అంకుల్ మెల్లగా. నాకు ఒళ్ళు మండింది. మీరొక్కసారి గట్టిగా విజిల్ ఊది ఉంటే పిల్లలకు ముందే తెలిసేది కదా అని అనబోయాను. ఆయన కళ్ళనిండా నీళ్ళు. ఆ పిల్లలంటే ఆయనకు ప్రాణం. వాళ్ళను ఆపడానికి ఆయనకు మనసొప్పేది కాదు, అంతే. అలసిపోయిన మనిషి మీద అలసిపోయిన మనిషి అరిచి ఏం లాభం అనుకుని ఊరుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో సీట్లు దొరికాయి. మా అమ్మాయి నా వైపు తిరగకుండానే అడిగింది.

"అమ్మా, ఆర్ వి రియల్లీ స్ట్రాంగ్? ఆర్ ఓన్లీ ఇన్ అవర్ జోన్?"

మీరే గొప్ప అని ఒక మాట అనేయవచ్చు. తను నమ్మదు. "తెలీదమ్మా," అన్నాను. "బయటవాళ్ళతో మీరు ఆడింది చాలా తక్కువ."

"ఐ వాజ్ ద వన్ హూ సెడ్ నో టు ద ఫ్రెండ్లీ."

"అవును. వచ్చే ఏడాది పిల్లలకు చెప్పు, పిలిస్తే వెళ్ళి ఆడమని. నీ మాటైతే వింటారు."

తలూపింది. చెప్తానంది. నాలుగేళ్ళుగా నాకు తెలుగులో ఒక పూర్తి వాక్యం చెప్పని పిల్ల, అప్పుడు నా వైపు తిరిగి నెమ్మదిగా అంది.

"కానీ నాకు వచ్చే ఏడాది లేదు కదమ్మా."

లేదు. దాని చెయ్యి పట్టుకున్నాను.