ఖిలా వరంగల్‌లో విన్న ఏడుపు

సూర్యాపేటలో నా కుట్టు దుకాణానికి నాలుగిళ్ల అవతల శాఖా గ్రంథాలయం ఉండేది. ఏడో తరగతితో బడి మానేసిన నేను ఆ తర్వాత నేర్చుకున్నదంతా అక్కడే. చరిత్ర, శాసనాలు, జాతుల ఆచారాలు, హేతువాదం, ఏది దొరికితే అది చదివాను. దయ్యాల మీద ఉన్న పుస్తకాలూ వదల్లేదు. అవి చదివాకే దయ్యాలు లేవన్న నమ్మకం నాలో గట్టిపడింది. వీధిలో ఎవరికైనా గాలి సోకిందని అంటే నేనే పోయి వాదించి వచ్చేవాణ్ణి.

ఇప్పటికీ ఆ నమ్మకం పెద్దగా మారలేదు. కానీ ఒక ఆదివారం సంగతి దానిలో ఇమడడం లేదు. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. నా తప్పు ఉన్నచోట దాచలేదు.

తొంభైల మొదట్లో మాట. నా స్నేహితుడు రూప్లాకు హైవే పక్కన మోటార్ సైకిళ్లు బాగుచేసే షెడ్డు ఉండేది. లంబాడీ వాడు. వాళ్ల తండా దామరచర్ల దాటాక ఉంటుంది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తోడబుట్టినవాళ్లు లేరు. ఉన్నదల్లా తల్లి సోనీ. ప్రతి ఆదివారం పొద్దున్నే తండాకు పోయి తల్లిని చూసి రావడం అతనికి ఎన్నడూ తప్పని అలవాటు.

ఆ శనివారం సాయంత్రం అతను ఎవరిదో బండికి ఇంజన్ బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్ వేసి బిగించాడు. అలాంటి బండిని మొదట్లో నలభై దాటకుండా మెల్లగా చాలా దూరం నడపాలి. తొందరపడితే వేడికి పిస్టన్ బిగుసుకుపోతుంది.

"రేపు దీని మీదనే యాడి కాడికి పోత. నువ్వు గూడ రా పంతులూ," అన్నాడు. పుస్తకాలు చదువుతానని నన్ను అలా ఎగతాళి చేసేవాడు. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ.

"ప్రతి ఆదివారం పోయేదే కదరా. దూరం నడపాలంటున్నవ్ కద, ఓరుగల్లు పోదాం. కోట చూపిస్త," అన్నాను. కాకతీయుల మీద అప్పుడే ఒక పుస్తకం ముగించి ఉన్నాను. చదివింది ఎవరికో ఒకరికి చెప్పాలన్న ఉబలాటం నాది.

కాసేపు ఆలోచించి, "యాడి తోవ జూస్తది," అన్నాడు. మళ్లీ తనే నవ్వి, "సరే పా. ఒక్క వారానికి ఏమైతది," అన్నాడు. ఎటు పోతున్నామో ఎవరికీ చెప్పలేదు.

తెల్లవారక ముందే బయలుదేరాం. దంతాలపల్లి, తొర్రూరు, వర్ధన్నపేట మీదుగా నలభైలోనే పోయాం. మోపెడ్ మీద పాలు తీసుకుపోయే మనిషి ఒకడు మమ్మల్ని దాటేసి వెనక్కి చూసి నవ్వాడు. "చూసినవా పంతులూ, నీ కాకతీయులు గుర్రాల మీద ఇంతకన్న జల్ది పోయిండ్రు," అని రూప్లా దారంతా నవ్వించాడు.

తొమ్మిది దాటాక ఖిలా వరంగల్ చేరాం. తోరణాల మధ్య, పడిపోయిన రాతి స్తంభాల మధ్య తిరుగుతూ నేను చెప్పుకుంటూ పోయాను. అతను ఓపికగా విన్నాడు.

పదకొండుకు పది నిమిషాలు తక్కువ. గడియారం అప్పుడే చూసుకున్నాను కనుక ఖచ్చితంగా చెప్పగలను. ఒక లంబాడీ ముసలామె తలమీద రేగుపండ్ల గంపతో మా ముందు నుంచి పోతోంది. పండ్లు కొంటామేమోనని ఆగిందనుకున్నాను. ఆమె గంప కింద పెట్టి నేరుగా రూప్లా దగ్గరకు వచ్చింది. రెండు చేతులూ అతని మెడ చుట్టూ వేసి, తల అతని భుజానికి ఆనించి, రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది.

లంబాడీ ఆడవాళ్లు చాలాకాలానికి కలిసిన చుట్టాన్ని అలా పట్టుకుని పాటగా ఏడుస్తారని, మంచీచెడ్డా ఆ ఏడుపులోనే చెప్పుకుంటారని నేను చదివి ఉన్నాను. అందుకని ఎవరో బంధువు అనుకున్నాను. ఒక్కటే వింత. రూప్లా ప్యాంటు, చొక్కాలో ఉన్నాడు. అప్పటిదాకా మేం మాట్లాడుకున్నది తెలుగే. అతను లంబాడీ అని పోల్చే గుర్తు ఏదీ లేదు.

ఆ పాటలో నాకు తెలిసిన మాట యాడి ఒక్కటే. అది మాటిమాటికీ వచ్చింది.

రెండు మూడు నిమిషాల తర్వాత ఆమె చేతులు తీసింది. రూప్లా వాళ్ల భాషలో ఏదో అడిగాడు. ఆమె కొంగుతో అతని ముఖం తుడిచింది, తన ముఖం కాదు. గంప ఎత్తుకుని రాతి ద్వారం వైపు నడిచి పోయింది.

"ఎవరురా ఆమె?"

"ఎన్నడు సూడలే. ఇంటికి పోదాం పా."

"ఏమన్నది?"

"కలిసినప్పటి ఏడుపు గాదది. మనిషి సచ్చినప్పటిది. సోనీ కొడకా, మీ యాడి మిరపసాళ్ల నడుమ పడ్డది, నువ్వు లేకపోతివి అన్నది."

అప్పుడు నేను చేసిన పని చెబుతున్నాను. అతన్ని నిలబెట్టి వాదించాను. ఇది మిరపకాయలు ఏరే కాలం, తండాల్లో ఆడవాళ్లందరూ ఆ కూలికే పోతారు, ఎవరైనా ఆ మాట అనగలరు అన్నాను. ప్రతి తండాలో పది మంది సోనీలు ఉంటారన్నాను. చుట్టాన్ని పోగొట్టుకున్న ముసలామె నిన్ను చూసి ఆ చనిపోయినామె కొడుకనుకుని ఏడ్చి ఉంటుంది, దుఃఖంలో మతి తప్పినవాళ్ల గురించి నేను చదివాను అన్నాను. రెండు వందల కిలోమీటర్ల అవతలి కబురు ఫోనే లేని తండా నుంచి ఇక్కడి రేగుపండ్ల ఆమెకు ఎట్లా చేరుతుందని అడిగాను. అతను బండి వైపు నడిచాడు.

"ఇంత దూరమొచ్చి వేయి స్తంభాల గుడి చూడకుండ పోతమా?" అని హనుమకొండ తీసుకుపోయాను.

గుడిలో గంటన్నర తిరిగాను. శాసనం ముందు నిలబడి, చుట్టూ ఉన్నవాళ్లకు కూడా వినపడేలా వివరించాను. నలుగురు ఆగి విన్నారు కూడా. రూప్లా మెట్ల మీద బండి తాళంచెవి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. వెనక్కి తిరిగి రెండుసార్లు చూశాను. అలాగే కూర్చుని ఉన్నాడు.

తిరుగు దారిలో అతను తొర్రూరు దాటాక వేగం పెంచాడు. కాసేపటికే ఇంజన్ శబ్దం మారింది. బండి ఆపి, వేడి తగ్గేదాకా పక్కనే నిలబడి, మళ్లీ నలభైలో నడిపాడు. పోగొట్టిన సమయాన్ని ఆ బండి మీద సంపాదించుకునే వీలు లేదు. సూర్యాపేటలో ఆగకుండా తండా వైపు, మిర్యాలగూడ దారికి తిప్పాడు.

తండా చేరేసరికి చీకటి పడుతోంది. ఊరి బయట చితి చాలావరకు కాలిపోయి ఉంది. రూప్లా బండిని స్టాండు కూడా వేయకుండా వదిలేశాడు. అది పడిపోబోతుంటే నేను పట్టుకున్నాను.

అతని చిన్నాయన ఎదురొచ్చాడు. నన్ను చూసి కాబోలు తెలుగులోనే అన్నాడు: "ఎటు పోతివి బిడ్డా? సూర్యాపేటకు మనిషిని తోలితిమి. షెడ్డుకు తాళమేసి ఉన్నదని మళ్లొచ్చె. నీ సేతుల మీద పోవాల్నని ఆగినం, ఆగినం. ఇగ పొద్దు గూకుతదని నా కొడుకు తోటి నిప్పు పెట్టిపిస్తిమి. ఇప్పుడే, గంటైతది."

గంట. గుడిలో నేను తిరిగింది గంటన్నర.

సోనీ ఆ పొద్దున దగ్గరి చేనులో మిరపకాయలు ఏరుతూ సాళ్ల మధ్య పడిపోయింది. మళ్లీ లేవలేదు. ఆమెను తీసుకుపోవడానికి ట్రాక్టరు పంపిన చేను ఆసామి, ఆమె పడ్డప్పుడు గడియారం చూశాడట. పదిన్నర అన్నాడు. అంటే ఖిలాలో ఆ ఏడుపు మొదలవడానికి ఇరవై నిమిషాల ముందు.

తండా ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి రూప్లా మెడ పట్టుకుని ఏడ్చారు. అదే రాగం. నాకు సంగీతం రాదు కానీ పొరపాటు పడే అవకాశం లేదు.

ఆదివారం కొడుకు వస్తాడని ఆమె పొద్దున్నే జొన్నరొట్టెలు చేసి, గుడ్డలో చుట్టిపెట్టి చేనుకు పోయిందట. రాత్రి వాటిని ఎవరో తెచ్చి అతని ముందు పెట్టారు. నాలుగు ఉన్నాయి. ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. తిన్నాను.

ఆ తర్వాత నేను మూడుసార్లు వరంగల్ పోయాను. ఖిలా లోపలి ఇళ్లలో, బయటి తండాల్లో, రేగుపండ్లు అమ్మేవాళ్లలో అడిగాను. అలాంటి ముసలివాళ్లు చాలామంది ఉన్నారన్నారు. చూపించిన వాళ్లందరినీ చూశాను. ఆమె లేదు. దామరచర్ల వైపు ఆమె చుట్టాలు ఉన్నారేమో, సోనీ జబ్బు సంగతి ముందే తెలుసేమో అని కూడా విచారించాను. సోనీకి ఏ జబ్బూ లేదు.

మూడోసారి తిరిగి వచ్చి, ఎవరెవరిని అడిగానో రూప్లాకు చెబుతుంటే ఆపమన్నాడు. అప్పటికి ఆరు నెలలు గడిచాయి. ఒక్కసారి కూడా నన్ను నిష్ఠూరమాడలేదు.

"ఇగ తిరుగకు పంతులూ. ఆమె ఎవలైతే నాకేంది? మెడ పట్టుకున్నప్పుడే నేను నమ్మిన."

"మరి నాతో గుడికి ఎందుకొచ్చినవ్ రా?"

తల వంచుకుని చేతుల గ్రీజు తుడుచుకున్నాడు. "నీ ముంగట సిగ్గైంది. తండావోడు గింతే, సదువు లేదు, ఏది సెప్తే అది నమ్ముతడు అంటవనుకున్న."

నేను ఎన్నడూ అతన్ని ఆ మాట అనలేదు. అదే చెప్పబోయి, చెప్పలేకపోయాను.

ఆ ముసలామె ఎవరో, కబురు ఆమెకు ఎలా తెలిసిందో, అంతమందిలో రూప్లాను ఎలా పోల్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. మళ్లీ పుస్తకాలు తిరగేశాను. నాకు దొరకలేదు. ఇంకెవరికైనా దొరికితే వింటాను. కానీ రూప్లా నా ముందు ఎందుకు సిగ్గుపడ్డాడో మాత్రం ఏ పుస్తకమూ చూడకుండానే తెలుసు. ఆ రోజు ఖిలాలో నేను మాట్లాడిన గొంతు నాకు ఇంకా వినపడుతూనే ఉంటుంది.