సవతికి నల్లమూత

పోయిన వారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నానో లేదో, నందికొట్కూరు నుంచి మా చిన్నమ్మ ఫోన్. "తిన్యావా అమ్మీ" అని కూడా అడగలేదు. "అంబాసిడర్‌కు ఆ నల్లమూత మళ్లీ పగిలింది. కడపలో యాడన్నా దొరుకుతాదేమో చూడు" అంది. ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. నలభై ఏళ్లు ఆ కారును 'నా సవతి' అని తప్ప ఇంకో మాటతో పిలవని మనిషి ఈమె!

అనడంలో తప్పేమీ లేదు. మా చిన్నాయన పొద్దున లేస్తూనే ఆ తెల్ల అంబాసిడర్ మొహం తుడిచి, ఆ తర్వాతే తన మొహం కడుక్కునేవాడు. ఎండాకాలంలో అందులో కూర్చుంటే ముందు పెట్రోలు వాసన, వెనకాలే డిక్కీలోని బనగానపల్లె మామిడిపండ్ల వాసన. అంత ప్రేమ ఉండి కూడా దాని భాగాల పేర్లు ఒక్కటీ ఆయనకు తెలియవు. ఏది చెడితే దాన్ని ఊడదీయించి, చిన్నమ్మ టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బస్సెక్కేవాడు. అంగడివాని ముందు డబ్బా తెరిచి "ఇట్లాంటిదే ఇంకోటి" అనేవాడు, అంతే. ఆ ఇంట్లో ఏ డబ్బా చూసినా గ్రీజు వాసనే. వాళ్ల కొడుకు, అంటే నా తమ్ముడు, కాలేజీకి కట్టుకుపోయిన పెరుగన్నం ముక్కు మూసుకుని తినేవాడు.

ఆ కోపం కడుపులో ఉండిందేమో, ఒక ఏడు బండి మూడు నెలలు కదలకపోయేసరికి తమ్ముడు తేల్చి చెప్పేసినాడు. "దసరాకు నడిస్తే ఉంచుకో నాయనా. లేదంటే పాత ఇనుము కింద గుజిరీ అంగడికి ఏసేద్దాం." చిన్నాయన సరే అన్నాడు గానీ ఆ పూట అన్నం ముట్టలేదు. చెడింది ప్లగ్గులకు కరెంటు పంచే నల్లమూత, అరచేతిలో పట్టేంత వస్తువు. దానికోసం కర్నూలులో పాత సామాన్ల అంగళ్లన్నీ అయిపోయినాయి. బనగానపల్లెలో ఎవరో మామిడితోటాయన దగ్గర మూలన పడిన అంబాసిడర్ ఉందంటే పోయినాడు. అందులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి గానీ మూత లేదు. చివరికి డబ్బా చంకన పెట్టుకుని కడపలో మా ఇంట్లో దిగినాడు. ఇద్దరం రాయచోటికి పోయినాం. ఆడ ఒక ముసలి సాయెబు డబ్బాలోకి తొంగిచూసి, "బండి నడిపేదానికా, ఊరికే చూసుకునేదానికా?" అని అడిగినాడు. చూసుకునేవాళ్లకు ఆయన అమ్మడంట. "నడిపేదానికే భాయ్. దసరాకు నడవకపోతే తూకానికి ఏస్తారు" అన్నాడు చిన్నాయన, డబ్బాను ఇంకొంచెం ముందుకు జరుపుతూ. సాయెబు ఇంకేమీ అడగకుండా లోపలికి పోయి, పాత లుంగీ గుడ్డలో చుట్టిన మూత తెచ్చి ఆయన చేతిలో పెట్టినాడు.

మేం నందికొట్కూరు చేరేసరికి ఆయుధపూజ. ఆ రోజు పానా ముట్టేది లేదన్నాడు మెకానిక్. పనిముట్లన్నీ పూజలో ఉంటే ఎట్లా ముడతాడు? మూత కూడా పోయి దేవుని గూట్లో కూర్చుంది. మర్నాడు పొద్దున మెకానిక్ వచ్చి బిగించినాడు. మూతంతా పసుపే, కానీ ఆ పండగనాడు పసుపు లేని వస్తువేది, ఎవరికి అనుమానం వస్తుంది? గేటు ముందు గుజిరీ లారీ వచ్చి నిలబడింది. చిన్నాయన తాళం తిప్పినాడు. బండి మూలిగింది. ఎన్నిసార్లు తిప్పినా మూలుగే. ఆయన స్టీరింగ్ మీద తల ఆనించుకుని ఉండిపోయినాడు. లారీవాడు మోకు విప్పుతున్నాడు. అప్పుడు చిన్నమ్మ మెల్లగా మెకానిక్ దగ్గరికి పోయి, "ఏమప్పా, మూత లోపల పసుపుంటే ఏమన్నా అయితాదా?" అని అడిగింది. అందరం ఆమెకేసి తిరిగినాం. "బయట పెట్టి లోపల పెట్టకుంటే ఎట్లని బాగా తడిపి పూసినా. ఆయన కోసరమే గదా!"

మెకానిక్ నెత్తి కొట్టుకుని మూత ఊడదీసినాడు. చిన్నమ్మ దాన్ని అతని చేతిలోంచి లాక్కుని, పండగకు కట్టిన కొత్త చీర కొంగుతో లోపల సందుసందూ తుడిచి, ఎండలో పెట్టి, ఆరిందాకా పక్కనే నిలబడింది. ఈసారి తాళం తిప్పగానే బండి దగ్గి, ఇంత పొగ వదిలి, అందుకుంది. చిన్నాయన కండ్లు తుడుచుకుంటూనే నవ్వినాడు. "సవతికి నువ్వే పానం పోసినావు గదే!" "పోసినాలే. ఇంక నా డబ్బాలు ముట్టబాకు" అంది చిన్నమ్మ. లారీ ఖాళీగా పోయింది.

చిన్నాయన పోయి రెండేళ్లయింది. ఫోన్ వచ్చిన మర్నాడే రాయచోటికి పోయినాను. సాయెబు కూడా లేడు, అంగట్లో ఆయన కూతురు కూర్చుని ఉంది. మూత ఫోటో చూపిస్తే అదే ప్రశ్న. "నడిపేదానికేనా అక్కా?" తమ్ముడు దాన్ని తాకడని నాకు తెలుసు. ఆ అమ్మాయితో అబద్ధమాడబుద్ధి కాలేదు. అక్కడి నుంచే చిన్నమ్మకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టినాను.

"నడిపేదెవరు అమ్మీ, యాడికీ పోదది" అంది చిన్నమ్మ. "నెలకొకసారి పక్క సీట్లో కూచోని, చెయ్యి చాపి తాళం తిప్పుతా. మీ చిన్నాయన సీట్లో నేను కూచోను. ఆ సప్పుడు ఇంటాంటే ఆయన ఈడనే ఉన్నట్టుంటాది."

ఆ అమ్మాయి లేచింది. లోపలికి పోయి గుడ్డమూట ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"దొరికిందా? ఈసారి పసుపు బయటనే పెడతాలే" అంటోంది ఫోన్లో చిన్నమ్మ. మనిషి పోయినా రోజులు ఆగవంటారు, నిజమే. మా చిన్నమ్మకు మాత్రం నెలకొకసారి, ఆ ఇంజన్ వేడెక్కిందాకా, ఆగుతాయి.