జీనువాయి పిట్టలు, ఉప్పుటేటి చిప్పలు

తొంభైల చివర్లో నాకు పెళ్ళయింది. మాది మేనరికం, అందుకని మా ఆయన్ని చిన్నప్పట్నుంచీ పిలిచినట్టే బావా అని పిలిచేదాన్ని. బావకి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పని. ఓ సాయంత్రం స్టేషన్ దగ్గర ఎవరో అమ్ముతుంటే పంజరంతో సహా రెండు జీనువాయి పిట్టల్ని పట్టుకొచ్చాడు. గుప్పిట్లో ఇమిడే ఎర్రటి పిట్టలు, ఒంటినిండా తెల్ల చుక్కలు. గొంతు సన్నగా, తీయగా ఉంది. ఒకప్పుడు చెరువుగట్ల రెల్లు పొదల్లో గుంపులుగా ఉండేవట. వలలు పన్నేవాళ్ళ పుణ్యమా అని కనబడ్డమే గగనమైపోయింది.

మర్నాడు బావ పనికి వెళ్ళగానే పంజరం తలుపు తీసేశాను. ఒకటి బట్టల తీగ మీద వాలి కాసేపు కూసి మరీ వెళ్ళింది.

సాయంత్రం వస్తూనే బావ అడిగాడు. "ఏటే, పిట్టలేవీ?"

"ఒగ్గేసినాను. ఉన్నయన్నీ పంజరాల్లో పెట్టేత్తే ఊళ్ళో కూసీదేటి బావా?"

మూతి ముడుచుకుని అన్నాడు. "మరి మీ ఊళ్ళో బుట్టలకి బుట్టలు ఆలిచిప్పలు ఏరుకొచ్చి కూరొండుకుంతారు కదా. ఆటికి గొంతు నేదనేనా?"

నాకు నవ్వొచ్చింది. మాది టెక్కలి అవతల ఉప్పుటేటి పక్క ఊరు. బురదలో కాలితో తడిమి చిప్పలు తీస్తూ పెరిగాను. సున్నం బట్టీలకని పడవలేసుకుని తవ్వుకుపోవడం మొదలయ్యాక అవీ తగ్గిపోయాయి.

ఆ నెలలోనే మా ఊరు వెళ్ళాం. పోటు తీశాక అమ్మతో కలిసి ఏట్లోకి దిగాం. దొరికినవాటిలో సగం గోరంతే ఉన్నాయి. అమ్మ వాటిని ఏరి మళ్ళీ నీళ్ళలో వేసేస్తోంది.

"పిల్ల సిప్పలు ముట్టకూడదని మా ఈదిలో ఆడోలందరం అనుకున్నాం బాబూ," అంది అల్లుడితో.

బావ ఒక చిన్న చిప్పని అరచేతిలో పెట్టుకు చూశాడు. "పిట్టే నయం అత్తా. అలికిడైతే ఎగిరిపోతాది. ఇది ఉన్నకాడే ఉంటాది, పాపం."

"పిట్ట కూత ఇనబడకపోతే ఊరు ఊరంతా అడుగుతాది. సిప్ప పోతే ఎవులడుగుతారు? తినీవోలమే అడగాల."

"అయితే నేనూ తినీవోణ్ణే!" అంటూ రెండడుగులు వేశాడో లేదో, మోకాళ్ళదాకా బురదలో దిగబడిపోయాడు. చెరో చెయ్యీ పట్టి లాగబోయి మేమిద్దరం కూడా పడ్డాం. బుట్ట బోర్లాపడి ఉన్న చిప్పలూ పోయాయి. ముగ్గురం బురదలో కూర్చుని పడీ పడీ నవ్వాం. ఆ పూట ఎండుచేపల పులుసుతో సరిపెట్టుకున్నాం.

కొన్నేళ్ళకి ఆ ఏటి వంపులో చిప్పలు మళ్ళీ కాస్త లావెక్కాయి. బావ ప్రతి వేసవికీ పంచె ఎగగట్టి దిగేవాడు. ఎంత పెద్దది దొరికినా అమ్మకి చూపించి, ఆవిడ ఊఁ అన్నాకే బుట్టలో వేసేవాడు.