ఆయన అన్న మాట యే

రంగూన్‌లో మేముండే లత పేటలో ఆదివారం పూట పిల్లలకు తెలుగు నేర్పే ఒకావిడ ఉన్నారు. మొన్నామధ్య మా అమ్మాయిని తీసుకురావడానికి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ ఒక కథ చెబుతున్నారు. నది అవతల ట్వంటే అనే ఊళ్ళో పట్నం వాళ్ళను బాతుల వేటకు తీసుకెళ్ళే ఒకాయన ఉండేవాడట. తాత రేవులో మూటలు మోసినవాడట. ఈయనకు వచ్చింది సగం తెలుగు, సగం బర్మా. ఒకరోజు భార్య నీళ్ళలో ఉండగా, ఆగమని చెప్పబోయి "ఏయ్" అన్నాడట. మన ఊరి యాసలో ఏయ్ అంటే వేసెయ్, కాల్చెయ్ అనే కదా. పక్కనున్నాయన కాల్చాడు. ఆ ఇల్లాలి కన్ను పోయింది.

"అమ్మ భాష సరిగ్గా రాకపోతే ఎంత పనవుతుందో చూశారా" అన్నారావిడ.

మా అమ్మాయి తలూపింది.

ఆ పక్కనున్నాయన నేనే. ఆ కథ కట్టిందీ నేనే. అది పాఠం దాకా వచ్చింది కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పన్నెండేళ్ళయింది. మా ఆవిడ అన్నయ్య, అంటే మా బావ, కొత్తగా తుపాకీ సరదాలో పడ్డాడు. ట్వంటే అవతల వరి పొలాల మధ్య ఒక మడుగు ఉందని, అక్కడ చెట్టుబాతులు దిగుతాయని, చూపించే మనిషి మన తెలుగువాడేనని నన్ను లాక్కెళ్ళాడు. చెట్టుబాతులంటే కొమ్మల మీద వాలే అడవి బాతులు. ఈల వేస్తూ ఎగురుతాయి. పగలంతా చెట్ల మీదా తుంగలోనూ ముడుచుకుని ఉండి, పొద్దు వాలే వేళకు మేతకు లేస్తాయి.

ఆ మనిషికి అప్పుడు యాభై దాటి ఉంటాయి. నేను ఊలే అని పిలిచేవాణ్ణి. ఇక్కడ పెద్ద వయసు మగవాళ్ళను బాబాయ్ అన్నట్టు అలాగే పిలుస్తారు. తుపాకీ ఆయనదే, లైసెన్సూ ఆయనదే. ఒంటి గొట్టం. పేలిస్తే సన్న గుళ్ళు గుప్పెడు చల్లినట్టు పోతాయి.

ఆయన పని తీరు ఇది. భార్య మోకాలి లోతు నీళ్ళలో అవతలి గట్టు నుంచి కర్రతో తుంగను తట్టుకుంటూ వచ్చి బాతులను లేపుతుంది. లేపగానే పక్కనున్న గట్టెక్కి ఎర్రగుడ్డ ఊపుతుంది. ఆ గుడ్డ కనిపించాకే ఈయన కాల్చమంటాడు.

బావ గట్టు మీద సిగరెట్టు ముట్టించుకుంటూ వెనకబడ్డాడు. ఊలే నన్ను తుంగ చాటున కూర్చోబెట్టి గొంతు తగ్గించాడు.

"బాబూ, ఒక్క సంగతి ఇనుకోండి. నాను పిట్ అంటేనే కాల్సండి. బర్మా మాటే సెప్తాను. ఇంట్లో మాట ఒద్దు."

"ఏం?"

"ఏయ్ అంటే పిలిసినట్టూ ఉంటాది, ఏసెయ్యమన్నట్టూ ఉంటాది. ఇదివరకోపాలి ఒకాయన అలాగే పేల్సేసినాడు. నా సెవి పక్కనుంచి పోనాది."

సరేనన్నాను. ఈ మాట బావ వినలేదు. విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. తర్వాత ఇది నాకు బాగా పనికొచ్చింది.

మొదటిసారి బాతులు లేచాయి. గుడ్డ ఊగింది. ఊలే "పిట్" అన్నాడు. కాల్చాను. ఒక్క ఈక రాలలేదు. అరగంట తర్వాత ఇంకో గుంపు. అదీ పోయింది. వెనక గట్టు మీద నుంచి బావ నవ్వు వినిపించింది.

"ఏటి బావా, బాతుల్ని దీవించడానికొచ్చినావా? కొట్లో ఉల్లిపాయల బస్తా ఎగిరితే కొడతావేమో."

నేను తిరిగి చూడలేదు. "మా ఇంటిది ఇంకోపాలి లేపుతాది, ఇదే ఆకరు" అన్నాడు ఊలే.

వెలుగు పల్చబడింది. తుంగ ఏదో, నీడ ఏదో తెలియడం లేదు. అవతల కర్ర చప్పుడు దగ్గరవుతూ వచ్చి ఆగిపోయింది. ఐదారు బాతులు తుంగలోంచి ఈదుకుంటూ బయటికొచ్చాయి. లేవలేదు. నీటి మీదే తలలు నిక్కించి అటూ ఇటూ చూస్తున్నాయి. ఎగిరేవాటికి రెండుసార్లు గురి తప్పింది. ఇవి కదలడం లేదు. గొట్టం కిందికి దించాను. నీటి మీద ఉన్న పిట్టను కాల్చకూడదని వచ్చేదారిలోనే ఊలే చెప్పాడు. గుళ్ళు నీటి మీద జారి ఎక్కడికైనా పోతాయి.

గట్టు మీద ఎర్రగుడ్డ లేదు.

ఊలే నా మోచేయి పట్టుకున్నాడు. "యే" అన్నాడు, ఊపిరితో అన్నట్టుగా. మళ్ళీ, ఈసారి కొంచెం పైకి, "యే" అన్నాడు.

బర్మాలో యే అంటే నీళ్ళు. ఆమె ఇంకా నీళ్ళలోనే ఉందని. నేను రంగూన్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. నా వ్యాపారం సగం బర్మాలోనే నడుస్తుంది. నీళ్ళనే మాట నాకు తెలియకపోవడమేమిటి? అది ఏయ్‌లా వినిపించలేదు. యే అనే వినిపించింది, అర్థం కూడా అయింది. అయినా ఆమె అటు పక్కన ఉంటుందిలే అనుకున్నాను. వేలు ఆగలేదు.

బాతులన్నీ లేచిపోయాయి. ఆ రెక్కల చప్పుడు తగ్గాక తుంగలోంచి ఒక మూలుగు వచ్చింది. ఊలే పరుగెత్తాడు. నడుము లోతు బురదలో కాలు దిగబడి గట్టెక్కలేకపోయిందామె. ఒక చెయ్యి ముఖం మీద ఉంది. వేళ్ళ మధ్య నుంచి కారుతోంది.

ఆసుపత్రికి మా కారులోనే తీసుకెళ్ళాం. ఆ సంగతి మావాళ్ళు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఎడమకన్ను దక్కలేదు.

మర్నాడు ఆ ఊరిపెద్ద అందరినీ కూర్చోబెట్టి, కాల్చమని ఎవరన్నారని అడిగాడు. అందరూ నా వైపు చూశారు. రాత్రంతా తయారు చేసుకున్న మాట చెప్పాను. మా భాషలో ఏయ్ అంటే కాల్చమని, ఆయన ఏయ్ అన్నాడని. పిట్ సంగతి చెప్పలేదు. ఎర్రగుడ్డ సంగతి అడిగితే చీకట్లో కనిపించలేదన్నాను.

ఊలే నా వైపు తిరిగాడు. తెలుగులో అడిగాడు.

"నాను యే అన్నానే అనుకుంటన్నాను. బాబు ఏయ్ అని ఇన్నారా?"

"అవును."

"అయితే అలాగే అనుంటాను. అదురులో ఇంట్లో మాట వచ్చేసుంటాది."

తుపాకీ ఊరిపెద్ద తీసుకున్నాడు. ఆ తర్వాత వేటకు ఎవరూ ఆయన్ను పిలవలేదు. కుండలు చేసేచోట మట్టి తొక్కే పనికి కుదిరాడని ఎవరో చెప్పారు. బావ ఆ కథను విందుల్లో చెప్పాడు. విన్నవాళ్ళు తలా కొంచెం నవ్వు కలిపారు. కూలివాళ్ళ తెలుగు అంతేనన్నారు. నేను పక్కనే కూర్చుని అన్నం తిన్నాను.

పాఠం విన్న మూడో రోజు ట్వంటే వెళ్ళాను. ఇంటి ముందు ఆరబెట్టిన కుండల పక్కన ఊలే కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ దాకా మట్టి. ఆమె వసారాలో తూటికూర కాడలు తుంచుతోంది. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నాను. పంతులమ్మ పాఠం సంగతి చెప్పి, అసలు జరిగిందీ నిలబడే చెప్పాను, తెలుగులో, తడుముకోకుండా. పిట్ అన్నప్పుడే కాల్చమన్నారు. గుడ్డ ఊగలేదు. మీరన్నది యే. రెండుసార్లు అన్నారు. నాకు అర్థమైంది.

ఆయన తన చేతులు చూసుకున్నాడు. "అయితే నాను యే అన్నానా" అన్నాడు.

"యే అన్నారు."

ఆమె తలెత్తలేదు. "పన్నెండేళ్ళబట్టి నువ్వు యే అన్నావని నాను సెప్తే ఏటన్నావు? నీళ్ళలో ఉన్నదానికి ఏటి ఇనపడతాది అన్నావు. లత బాబు అబద్దమాడతాడేటి అన్నావు."

ఆయన తల తిప్పాడు. నా వైపు కాదు, ఆమె వైపు చూస్తున్నాడు. నేనక్కడ ఉన్నంత సేపూ అటే చూశాడు.

"మల్లీ సెప్పండి బాబూ" అందామె. "ఈపాలి బర్మాలో సెప్పండి. మా కోడలికి తెలుగు రాదు. అదీ నన్ను నమ్మనేదు."

లోపల్నుంచి కోడలు తడిచేతులతో వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. బర్మాలో మొదలుపెట్టాను. యే అన్నాను, ఆయన అన్నట్టే. మళ్ళీ అన్నాను. చివరిదాకా చెప్పాను.

తెలుగులో ఎవరూ అడగని ప్రశ్న ఆ పిల్ల అడిగింది. తెలిసి కూడా ఎందుకు కాల్చారని.

"మా బావ నవ్వుతాడని" అన్నాను.

ఆమె అర్థం కానట్టు అత్త వైపు చూసింది. అత్త తూటికూర కాడలు తుంచుతూనే ఉంది. కాసేపటికి, ఇంకా నిలబడే ఉన్నావేమన్నట్టు, కాలితో పీట నా వైపు జరిపింది.

"ఆ పంతులమ్మకీ సెప్పాల" అంది.