మామగారి మిరప బోదెలు

మధిర వైపు ఉన్న పొలం అమ్మేశాక మామగారు మణుగూరులోని మా క్వార్టర్‌కు వచ్చారు. చేతిసంచీ దించకుండానే "నాలుగు రోజులుండి పోతా" అన్నారు. పోవడానికి ఆయనకు మరో ఇల్లు లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు.

మర్నాడే పెరడు తవ్వి మిరప నాటారు. మా పెరడు పల్లం. వెనకింటి వాళ్లది ఇంకా పల్లమే గానీ, మధ్యన మట్టికట్ట ఉండటంతో వీధి నీళ్లన్నీ మా దగ్గరే ఆగేవి. చుట్టపుచూపుగా వచ్చేవి, వెళ్లే తొందర కనబరిచేవి కావు.

ముసురు పట్టింది. మొక్కలు తలలు వాల్చేశాయి. ఆయన ఒకటి పీకి చూశారు.

"వేరు కుళ్లిందండీ అల్లుడుగారూ. ఇంక నాకిక్కడ పనేముంది?"

ఆ సాయంత్రం సంచీ సర్దుకున్నారు. మా ఆవిడ అటు తిరిగి బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది. ఆ బియ్యంలో రాళ్లు లేవు.

నేను డిగ్రీలో చదివిన వృక్షశాస్త్రమంతా కూడగట్టుకుని, "ఇంకోసారి వేద్దాం లెండి" అన్నాను.

"నారెవరు పోస్తారు?"

"మీరే."

సంచీ విప్పలేదు గానీ, మేకుకు తగిలించారు.

ఈసారి మట్టి ఎగదోసి మోకాలెత్తు బోదెలు కట్టారు. నీరు నిలవకుండా వాటి అడుగున, పొయ్యిలో కాలగా మిగిలిన బొగ్గు పెళ్లలు పరిచారు; బొగ్గుగనులున్న మా ఊళ్లో వాటికి కరువు లేదు. మట్టికట్ట తెంపి నీళ్లను వెనకింట్లోకి వదిలారు. ఆ ఇంటావిడ దడి మీదుగా తొంగి చూసింది.

"ఏంది బాబాయ్, నీళ్లన్నీ మా మీదికి తోలుతున్నవ్?"

"చేమ వేసుకో అమ్మా. దానికెంత నీరైనా చాలదు. దుంపలు నేను తెచ్చిస్తా."

"అడిగినంక తెస్తవా, గీ నీళ్ల లెక్క అడగకుండనే తెస్తవా?"

అడక్కుండానే తెచ్చి, తనే నాటి వచ్చారు. వానలు వెనకబట్టాక మళ్లీ ఆవిడే పిలిచింది.

"బాబాయ్, నీళ్లు బందయినయ్. నీ చేమ వాడుతున్నది. జల్దీ రా."

నీళ్లు వెళ్లగొట్టిన మనిషే బకెట్లతో మోసి పోశారు.

మిరప పండింది. మా ఆవిడ పండుమిర్చి పచ్చడి నూరింది. అందరం కళ్లు తుడుచుకుంటూ తిన్నాం. ఆయన మాత్రం, "నేల కొత్త కదా. కారం ఇంకా పట్టలేదు" అన్నారు.

ఎండిన కాయల్లో మేలైనవి విత్తనానికి ఏరి, పోయడానికి సంచీ కోసం చూశారు. మేకుకున్నది దించి, అందులోని బట్టలు బీరువాలో పెట్టమని కూతురికిచ్చారు. ఆవిడ పై అరలో పెట్టింది. ఆయన వచ్చిన రోజు నుంచీ ఆ అర ఖాళీగానే ఉంది.